రేకు వైద్యుల పేట

బెజవాడ వచ్చేవాళ్ళలో చాలామంది దుర్గమ్మ దర్శనానికి వస్తారు. కొందరు రైలు మారడానికి వస్తారు. ఇంకొందరు పెళ్ళిబట్టలకు వస్తారు. నేను మాత్రం తుప్పుపట్టిన కారు తలుపు ఒకటి గోనెపట్టాలో చుట్టుకుని వచ్చాను.

మాది బందరు. అక్కడినుంచి బెజవాడకు సుమారు డెబ్బయి కిలోమీటర్లు. గూడూరు, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటేవరకు కాలవగట్ల చల్లదనం, చెరుకు వాసన, వరిగడ్డి వాసన. కానూరు చేరేసరికి గాలి మారిపోతుంది. కాలిన ఇనుము వాసన, రంగుల వాసన, డీజిలు వాసన. కళ్ళు మూసుకుని కూర్చున్నవాడికి కూడా ఆటోనగరు వచ్చిందని తెలిసిపోతుంది. కండక్టరు నా తలుపు వంక అనుమానంగా చూసి, "మాష్టారూ, తలుపొక్కటే తెస్తున్నారు, తక్కిన కారు వెనకాల బస్సులో వస్తోందా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. తక్కిన కారు మా ఇంటి పెరట్లో, రేకుల షెడ్డులో, నాలుగు ఇటుకల దొంతుల మీద కూర్చుని వుందని అతనికి చెప్పి ప్రయోజనమేముంది?

ఆ కారు మా మేనమామది. 1965 నాటి అంబాసిడరు, మార్కు టూ. మామయ్య పోయాక దాన్ని కొనేవాళ్ళు రాలేదు. పాతయినుముకు తూకం వేసి తీసుకుపోతామన్నవాళ్ళు వచ్చారు. మా అత్తయ్య ఆ మాట విని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ కారులోనే ఆమె కాపరానికి వచ్చింది. దాంతో ఆ బండి నా పెరట్లోకి చేరింది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయినవాడికి పొద్దు గడవడానికి ఏదో ఒకటి వుండాలి కదా అని మా ఆవిడ కూడా మొదట్లో అడ్డు చెప్పలేదు.

వీధికొక విద్య

ఆటోనగరు అన్న పేరు ఇప్పుడు తెలుగువాళ్ళ పెద్ద వూళ్ళలో చాలాచోట్ల వినిపిస్తుంది. హైదరాబాదులో వుంది, విశాఖలో వుంది, గుంటూరులో వుంది. కాని ఆ మాట అనగానే మొదట తట్టేది బెజవాడే. దీని పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. 1960ల నాటి పేట. వూళ్ళో సందుల్లో, రోడ్డు పక్కల లారీలు విప్పుకుని కూర్చునే మెకానిక్కులందరికీ ఒక చోటు వుండాలని వూరికి తూర్పున, పటమట దాటిన తర్వాత వెలిసింది. 2014లో దీని పేరు పెట్టుకుని 'ఆటోనగర్ సూర్య' అని సినిమా కూడా వచ్చింది.

లోపలికి అడుగు పెడితే పాతకాలపు రాజధానిలో వృత్తిపేటలు చూసినట్టే వుంటుంది. ఒక వీధిలో కమానుకట్టలు ఎర్రగా కాల్చి వంచుతుంటారు. ఇంకో వీధిలో రేడియేటర్లకు మాటు వేస్తుంటారు. ఇంకోచోట లారీలకు చెక్కబాడీ కడుతుంటారు. అక్కడ వడ్రంగులు దూలాలు చిత్రిక పడుతుంటే రంజను పొట్టు గాలికి లేచి పక్కనున్న టీకొట్టు గ్లాసుల్లో పడుతుంది. ఒక కుర్రాడు నిచ్చెనెక్కి లారీ నుదుటిమీద తామరపువ్వు వేస్తుంటాడు. వెనక తలుపు మీద ఏం రాయాలో యజమానిని అడుగుతాడు. యజమాని తన పిల్లల పేర్లు చెబుతాడు.

నాకు కావలసింది టింకరింగు వీధి. దానికి దారి అడగనక్కరలేదు, చెవులుంటే చాలు. రేకు మీద సుత్తి పడే చప్పుడు అన్నిటిలోకీ వేరుగా వినిపిస్తుంది. కమాను మీద పడే దెబ్బ బరువుగా 'ధణ్' మంటుంది. రేకు మీద పడేది 'టకటక టకటక' మని, కంసాలి కొట్లో వినిపించేంత చిన్నగా, లయగా వుంటుంది.

నేను మొదట వెళ్ళిన కొట్టువాడు గోనెపట్టా విప్పకుండానే, "తీసి పారెయ్యండి. గడపలకు ఫైబరు ముక్కలు అంటించి, పైన లప్పం పెట్టి, రంగు కొట్టి పదిరోజుల్లో ఇచ్చేస్తా. అద్దంలా వుంటుంది" అన్నాడు. ఎన్నాళ్ళుంటుందని అడిగితే, "అమ్ముకునేవరకు వుంటుంది" అన్నాడు. నిజాయితీగానే చెప్పాడు, అందుకు మెచ్చుకోవాలి. నేను అమ్మబోయేవాణ్ణి కానని చెప్పి బయటపడ్డాను.

రెండో కొట్టులో ఒక ముసలాయన పీట మీద కూర్చుని, కారు మడ్‌గార్డు ఒళ్ళో పెట్టుకుని కొడుతున్నాడు. నేను తలుపు విప్పి ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడలేదు. కళ్ళు పక్కకు తిప్పుకుని, అరచెయ్యి దానిమీద పెట్టి, చంటిపిల్లవాడి వీపు నిమిరినట్టు ఆ చివరినుంచి ఈ చివరిదాకా నిమిరాడు.

"బందరా మాష్టారూ?" అన్నాడు.

నేను ఆశ్చర్యపోయాను.

"రేకు అడుగునుంచి తినేసింది. బెజవాడ కార్లకు పైన గీతలు, సొట్టలు వుంటాయి. సముద్రపు గాలి తిన్న కార్లకు అడుగున జల్లెడ వుంటుంది. మీరు బస్సు దిగిన వైపు చూస్తే, అయితే బందరు, కాకపోతే అవనిగడ్డ" అన్నాడు.

అదీ మా మేస్త్రీతో నాకు మొదటి పరిచయం.

అయస్కాంతం చెప్పిన రహస్యం

ఆయన మందు రాసివ్వడానికి ముందు రోగిని చూస్తానన్నాడు. ఆదివారంనాడు బందరు వచ్చాడు. చేతిలో పాతరేడియో స్పీకరునుంచి వూడదీసిన అయస్కాంతం, దానికి మెత్తని గుడ్డ. ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు. ఇంతే ఆయన సామాను.

గుడ్డచుట్టిన అయస్కాంతం బానెట్టు మీద పెట్టి జరుపుతూ పోతే గట్టిగా పట్టుకుంది. వెనక మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి పట్టు వదిలి జారిపోయింది. "ఇక్కడ ఇనుము లేదు, లప్పమే" అన్నాడు. తలుపుల కింద గుమ్మంలా పొడుగ్గా వుండే రేకుపెట్టె వుంటుంది. దాన్ని ఇంట్లో గడప అన్నట్టే గడప అంటాను. అక్కడ స్క్రూడ్రైవరు ఆనించి కొంచెం నొక్కాడు. అది అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది.

అప్పుడు ఆయన చెప్పిన సంగతి పాతకారు వున్న ప్రతివాళ్ళూ తెలుసుకోవలసింది. లారీకి అడుగున ఛాసీ వుంటుంది, బాడీ దానిమీద కూర్చుంటుంది. అంబాసిడరుకు అలాంటి ఛాసీ విడిగా లేదు. అది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో సిరీసు కారు నమూనా. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర తయారీ మొదలై 2014 మే నెల వరకు సాగింది. ఆ కారుకు గడపలు, నేల, స్తంభాలు, కప్పు అన్నీ కలిసి ఒకటే పెట్టె. ఆ పెట్టె బలమే కారు బలం. గడప తుప్పుపట్టిందంటే అందం పోయిందని కాదు, వెన్నెముక పోయిందని అర్థం. పైన లప్పం పూసి రంగు కొడితే అద్దంలా వుండవచ్చు. గుంతలో పడ్డనాడు తలుపు తెరుచుకోకపోవచ్చు, లేదా తెరుచుకుని మూసుకోకపోవచ్చు. ఇంకేదైనా గుద్దుకున్ననాడు లోపల కూర్చున్నవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు.

"మీ అత్తయ్యగారు ఇందులో ఎక్కుతారా?" అని అడిగాడు మేస్త్రీ.

"ఎక్కించాలనే నా వుద్దేశం" అన్నాను.

"అయితే లప్పం మాట తర్వాత. ముందు ఇనుము" అన్నాడు.

గడపలో సీరియలు

ఒప్పందం ఇలా కుదిరింది. గడపలు, నేల, అంటే ప్రాణం నిలబెట్టే పని ఆయన చేస్తాడు. దానికి వెల్డింగు సామాను వేసుకుని మా ఇంటికి వచ్చి పదిరోజులుంటాడు. సొట్టలు తీయడం, నునుపు చేయడం నేను చెయ్యాలి. దానికి శనివారం శనివారం నేను ఆటోనగరు వెళ్ళి, ఆయన కొట్టులో పనికిరాని రేకుల మీద సాధన చెయ్యాలి. "అరవై దాటాక శిష్యరికమా?" అంది మా ఆవిడ. నలభై యేళ్ళు ఇతరులకు పాఠం చెప్పినవాడు పీట మీద కూర్చుని పాఠం నేర్చుకోవడంలో ఒక సుఖం వుంది. అది అనుభవిస్తేగాని తెలియదు.

గడపలు కోసే ముందు మేస్త్రీ చేసిన మొదటి పని, తలుపుల ఖాళీల్లో అడ్డంగా, ఐమూలగా ఇనుపకడ్డీలు పెట్టి అతకడం. కుళ్ళిన గడపైనా అదే కారును పట్టుకుని వుంది. దాన్ని ఒక్కసారి కోసేస్తే బాడీ నడుం వంగిపోతుంది. తర్వాత కొత్త గడప అతికినా వంగినదాన్నే అతికినట్టవుతుంది, తలుపులు జన్మలో సరిగా పడవు. అందుకే ముందు ఊతకడ్డీలు. ఆ తర్వాత ఒక వైపు గడప పూర్తిగా ముగించాకే రెండో వైపు ముట్టుకోవడం.

ఎడమవైపు గడప కోయగానే లోపలినుంచి తట్టెడు తుప్పు రాలింది. ఆ తుప్పుతోబాటు ఇంకో వస్తువు బయటపడింది. కోడిగూడులాంటి ఇనుపవల, దానివెనక వుండలు చుట్టి కూరిన కాగితాలు, వాటిమీద రెండంగుళాల మందాన లప్పం! ఎప్పుడో ఎవరో చేసిన వైద్యం. ఆ కాగితాలు చదును చేసి చూద్దుము గదా, ఒక పాత వారపత్రిక. అందులో ఒక సీరియలు నవల. కథానాయిక రైలు దిగింది, ప్లాట్‌ఫారం మీద ఆమె కోసం వచ్చినవాడెవరో చెప్పకుండానే 'సశేషం' అని వేశారు. నవల పేరున్న భాగాన్ని తుప్పు తినేసింది. మా ఆవిడకు కారు మీద మొట్టమొదట ఆసక్తి కలిగింది ఆనాడే. "కుడివైపు గడప ఎప్పుడు కోస్తారు? తరువాయి భాగం అందులో వుందేమో!" అని రోజూ మేస్త్రీని అడిగేది. కుడి గడపలో ఇసుక మాత్రమే వుంది.

వెల్డింగులో నేను గమనించినది ఒకటి. కోసేటప్పుడు తుప్పు కనిపించినంతవరకే కాదు, తెల్లని ఇనుము తగిలేవరకు కోశాడు. కొత్తముక్క పాతరేకు మందమే వుండాలన్నాడు. పాతకాలపు రేకు ఇరవై గేజీ అంటారు, అంటే మిల్లీమీటరులో సుమారు తొమ్మిది పాళ్ళు. అంత పల్చని రేకు మీద ఏకధారగా అతుకు వేసుకుంటూ పోతే వేడికి అలలు తేలిపోతుంది. అందుకని ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్ళీ మొదటిదాని పక్కన మరోటి. ముగ్గులో చుక్కలు పెట్టినట్టు పెట్టి, చల్లారనిచ్చి, చివరికి కలిపాడు. అతుకు లోపలికి వెళ్ళేచోట ముందే జింకు రంగు పూశాడు. ఒకసారి మూసేశాక అక్కడికి బ్రష్షూ పోదు, చెయ్యీ పోదు, వెళ్ళగలిగేది మా బందరు గాలి ఒక్కటే.

కరక్కాయ, కలంకారి, కారు

పూర్తిగా తినెయ్యకుండా పైపైన పట్టిన తుప్పుకు వేరే వైద్యం వుంది. గీకగలిగినంత గీకి, మిగిలినదానిమీద ఒక మందు పూస్తారు. పూసిన కాసేపటికి ఎర్రతుప్పు నల్లగా, గట్టిగా మారుతుంది. బజారులో సీసాల్లో దొరికే ఈ మందుల్లో కొన్నిటి గుణం టానికామ్లానిది. తుప్పులోని ఇనుముతో అది కలిసి నల్లని పదార్థమవుతుంది. ఇంకొన్నిటిలో ఫాస్ఫారికామ్లం వుంటుంది. ఇది వాడితే దాని మిగులు బాగా తుడిచి ఆరబెట్టకుండా లప్పం పెట్టకూడదు, పట్టు వుండదు.

ఆ నల్లదనం చూడగానే నాకు పెడన గుర్తుకొచ్చింది. మా వూరికి దగ్గరే. కలంకారి అద్దకానికి పేరుపడ్డ వూరు. అక్కడ గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళతో దానిమీద అచ్చు వేస్తారు. అచ్చు పడ్డచోట గుడ్డ నల్లబారుతుంది. కరక్కాయలో వున్నది టానినే! మన తాతలు కరక్కాయ, అన్నభేది కలిపి రాతసిరా చేసుకున్నదీ ఈ సూత్రం మీదే. గుడ్డమీద అందానికి, కాగితం మీద అక్షరానికి, కారు మీద ప్రాణరక్షణకు పనికొచ్చింది ఒకే ఒక నలుపు. ఈ మాట చెబితే మేస్త్రీ, "అయితే మీ వూళ్ళోనే మందు పెట్టుకుని నా దగ్గరికి బస్సెక్కి వచ్చారా?" అని నవ్వాడు.

సొట్ట చదవడం

ఆటోనగరులో నా శనివారాల చదువు సుత్తితో కాదు, చూపుతో మొదలయింది. సొట్టను చదవాలంటాడు మేస్త్రీ. దెబ్బ తగిలినచోట గుంట పడుతుంది, చుట్టూ అంచులు గట్టుకడతాయి. గుంట ముందు పడింది, గట్టు తర్వాత లేచింది. తీసేటప్పుడు వరుస తిరగబడాలి. ఆఖరున లేచినది మొదట దిగాలి, మొదట పడినది ఆఖరున లేవాలి. లెక్కల్లో మేము కుండలీకరణాలు విప్పడానికి ఒక వరుస చెప్పినట్టే ఇదీ. కంగారుపడి గుంటను వెనకనుంచి ఒక్కపోటు పొడిచినవాడికి ఒక సొట్ట స్థానంలో మూడు సొట్టలు దొరుకుతాయి.

సుత్తికి జోడీ డాలీ. పిడికిట్లో ఇమిడే ఇనుపదిమ్మ. రేకు వెనక దీన్ని ఆనించి ముందునుంచి కొడతారు. గట్టు పక్కనున్న గుంట కింద డాలీ పెట్టి గట్టుమీద సుత్తి వేస్తే, గట్టు దిగుతుంది, గుంట లేస్తుంది. అలా సగంపైగా సరిచేశాక సరిగ్గా డాలీ మీదే సన్నసన్న దెబ్బలు వేసి చదును చేస్తారు. ఇక్కడే ప్రమాదం. రెండు ఇనుముల మధ్య నలిగిన రేకు పల్చబడుతుంది, పల్చబడితే సాగుతుంది. సాగినరేకుకు చోటు చాలక నూనెడబ్బా అడుగులాగ వేలు వేస్తే 'టక్'మని లోపలికి, తీస్తే 'టక్'మని బయటికి ఆడుతుంది.

దానికి చికిత్స చూస్తే మంత్రం వేసినట్టుంటుంది. సాగినచోట పావలాబిళ్ళంత మేర గ్యాసుమంటతో ఎర్రగా కాలుస్తాడు. అది బుడిపెలా పైకి లేస్తుంది. చుట్టూ నాలుగు చిన్నదెబ్బలు వేసి, తడిగుడ్డ దానిమీద అదుముతాడు. 'చుయ్' మంటుంది. చల్లారుతూ రేకు దగ్గరికి ముడుచుకుంటుంది. వేడెక్కి వ్యాకోచించినప్పుడు చుట్టూవున్న చల్లనిరేకు దాన్ని పక్కకు పోనివ్వలేదు, చల్లారినప్పుడు మాత్రం లోపలికి లాక్కుంది. భౌతికశాస్త్రంలో వ్యాకోచ సంకోచాలను ఎన్నిమాట్లో బోర్డుమీద చెప్పాను. కళ్ళారా చూడ్డం అదే మొదలు.

చివరికి ఆకురాయి. దాన్ని రేకుమీద తేలిగ్గా నడిపితే ఎత్తుగావున్నచోట్లు మెరుస్తాయి, పల్లంగావున్నచోట్లు మసకగా మిగులుతాయి. మెరిసినవాటిని దించు, మసకవాటిని లేపు. అంతా ఒకేలా మెరిసిననాడు పని అయినట్టు.

సీసంనుంచి లప్పందాకా

ఎంత చేసినా సుత్తి అందనిచోట కొంత పల్లం మిగులుతుంది. దాన్ని పూడ్చడానికే లప్పం. మేస్త్రీ గురువుగారి కాలంలో లప్పం లేదు, సీసం పోసేవారు. డెబ్బయిపాళ్ళు సీసం, ముప్ఫైపాళ్ళు తగరం కలిపిన కడ్డీ. ఆ మిశ్రమంలో ఒక విచిత్రం వుంది. 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. పూర్తిగా నీరవడానికి ఇంకా డెబ్బయి డిగ్రీల పైన పడుతుంది. ఆ నడుమ వెన్నముద్దలా వుంటుంది. మైనం రాసిన చెక్కగరిటెతో అప్పుడు దాన్ని నిలువురేకు మీద కూడా కారకుండా పరచవచ్చు. నేర్పరి పోసిన సీసం కారున్నంతకాలం వుంటుంది. కాని సీసం పొగ, సీసం దుమ్ము విషం. అందుకని దాన్ని ఉప్పుకాగితంతో రుద్దేవారు కారు, ఆకురాయితో ముక్కలుగా గీసేవారు.

ఇప్పటి లప్పం పాలిస్టరుది. డబ్బాలో ముద్ద, గొట్టంలో గట్టిపరిచే మందు. నూటికి సుమారు రెండుపాళ్ళు మందు కలపాలి. ఎక్కువ వేస్తే తర్వాత రంగులోకి మరకలు దిగుతాయి, తక్కువ వేస్తే ఆరదు. బందరు ఎండల్లో అది నాలుగైదు నిమిషాలకే గట్టిపడుతుంది. అందుకని దోసె పిండంత కలపకూడదు, గారెపిండంత కలపాలి. మూడు మిల్లీమీటర్లకు మించి పెట్టకూడదు. "లప్పం బొట్టులాంటిది మాష్టారూ, ముఖమంతా పూసుకోకూడదు" అన్నది మేస్త్రీ సూత్రం. లప్పం నీళ్ళు పీలుస్తుంది గనుక ప్రైమరు కొట్టకముందు నీళ్ళతో రుద్దకూడదు.

నునుపుచేయడంలో వున్న మర్మం చేతితో కాగితం పట్టుకోకపోవడం. వేళ్ళతో పట్టి రుద్దితే వేళ్ళ వెడల్పున గాళ్ళు పడతాయి. పొడుగాటి చెక్కదిమ్మకు కాగితం చుట్టి, ఒకసారి ఈ ఐమూలగా, ఒకసారి ఆ ఐమూలగా నడపాలి. ముందు 80 నంబరు, తర్వాత 120, 180. ఆపైన ప్రైమరు. ప్రైమరు మీద నల్లరంగు పొగలాగ చిలకరించి, 320 నంబరుతో దిమ్మ నడిపితే ఎత్తులన్నీ తెల్లబడతాయి. పల్లాల్లో నలుపు మిగిలిపోతుంది. కంటికి కనబడని తప్పును నలుపు పట్టిస్తుంది. నలుపంతా పోయేవరకు ఇదే పని. ఆఖరున నీళ్ళతో 400, 600.

మా వెనక మడ్‌గార్డు అంచున రుద్దినచోట పాతరంగులు వలయాలుగా బయటపడ్డాయి. పైన తెలుపు, కింద నీలం, దానికింద బూడిదరంగు, అన్నిటికింద లేత ఆకుపచ్చ. అత్తయ్యకు కబురు చేస్తే వచ్చి చూసింది. ఆకుపచ్చ వలయం మీద వేలు పెట్టి, "ఇదే" అంది. ఇంకేమీ అనలేదు. రంగు ఏది కొట్టాలన్న చర్చ మా ఇంట్లో ఆ ఒక్కమాటతో ముగిసింది.

రంగు, ఊపిరి

మనవాళ్ళు కార్లరంగును ఇప్పటికీ డూకో అంటారు. అది 1920ల్లో అమెరికాలో డ్యూపాంటు కంపెనీ తెచ్చిన త్వరగా ఆరే లాకరు పేరు. అంతకుముందు కారుకు వార్నిషురంగులు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. ఆ రకం లాకరుకు తేమ పడదు. గాలిలో తేమ ఎక్కువున్ననాడు కొడితే పాలుపోసినట్టు తెల్లబారుతుంది. అందుకే మేము వానలు వెళ్ళేవరకు ఆగి, మాఘమాసంలో, పొద్దెక్కి మంచు విడిపోయాక కొట్టాము.

ఇప్పటి రెండుడబ్బాల రంగులు గట్టివే, మెరుపూ ఎక్కువే. కాని వాటి గట్టిపరిచే మందులో ఐసోసైనేటులుంటాయి. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం తెచ్చిపెడుతుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఆగదు, బయటినుంచి మంచిగాలి గొట్టంతో అందించే ముసుగు వుండాలి. మా మేస్త్రీ ముప్ఫైయేళ్ళు తువ్వాలు కట్టుకునే రంగు కొట్టాడు. ఇప్పుడు నాలుగుమాటలు మాట్లాడితే దగ్గుతాడు. "ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను. వాళ్ళను మాత్రం ఈ కొట్టు గడప తొక్కనివ్వలేదు" అన్నాడు. ఆయన కొట్లో పనిచేసే కుర్రాడికి మాస్కు లేకుండా స్ప్రే గన్ను ఇవ్వడు.

ఆ విద్య ఎవరికి వెళ్తుంది మరి? కొత్తకార్ల బంపర్లు ప్లాస్టిక్కువి. సొట్ట పడితే తీసి కొత్తది బిగిస్తారు. గంటలకొద్దీ కొట్టి తీయడంకన్నా రేకు మార్చడమే చవక అంటారు. ఆ వీధిలో సుత్తి చప్పుడు యేటేటా పల్చబడుతోందని మేస్త్రీ అంటాడు. కాని పాతబళ్ళకు ఇంకో మర్యాద దక్కింది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం యాభైయేళ్ళు దాటిన వాహనాలకు ప్రత్యేకంగా వింటేజి రిజిస్ట్రేషను నిబంధనలు ప్రకటించింది. కొత్తగా నమోదు చేసేవాటికి నంబరులో 'వీఏ' అన్న అక్షరాలుంటాయి, ముందే నమోదయినవి తమ పాతనంబరే వుంచుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత తిరిగి నమోదుకు 5,000. రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు రోడ్డెక్కవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, బాడీ, ఇంజను మొదటి రూపంలో వుండాలి. అంటే విసిరేసి కొత్తది తగిలించడం కాదు, వున్నదాన్ని బాగుచేయడం వచ్చినవాడు కావాలి. మా మేస్త్రీలాంటివాళ్ళకు సర్కారువారు తెలియకుండానే ఇచ్చిన యోగ్యతాపత్రం అది.

పాతబండి పెరట్లో వున్న పాఠకులకు ఆయన పంపిన మాట ఒకటి వుంది. ప్రతి తలుపు అడుగున, గడప అడుగున నీళ్ళు పోవడానికి చిన్నచిన్న రంధ్రాలుంటాయి. మట్టి చేరి అవి పూడుకుపోతే తలుపు లోపల చెరువు కడుతుంది, తుప్పు అక్కడే పుడుతుంది. యేటా మృగశిర రాకముందు ఒక సన్నని పుల్లతో ఆ రంధ్రాలు పొడిచి శుభ్రం చేసుకోండి. కొబ్బరాకు ఈనె చాలు. ఖర్చు కానీ లేదు. ఆ ఒక్కపనీ చేసినవాళ్ళు తనదాకా రానక్కరలేదంటాడు మేస్త్రీ. తన బేరం పోతుందని తెలిసీ చెప్పిన సలహా కనుక, నమ్మవచ్చు.